సంగటి, ఊరిబిండి, పితికిపప్పు: తిరుపతిలో మా జిల్లా వంటల హోటలు డైరీ

జూన్ 11, 2023

ఈ రోజు అడ్వాన్సు కట్టేశాం. ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధి, కింది అంతస్తు, 1,400 చదరపు అడుగులు. నెల అద్దె 65,000 రూపాయలు, పది నెలల అడ్వాన్సు. చేతిలో ఉన్న 24 లక్షల్లో ఆరున్నర లక్షలు ఒక్క సంతకంతో వెళ్లిపోయాయి. ఇంటికి వచ్చాక నేనూ నా భార్యా చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. రాత్రి అన్నాలయ్యాక ఆమె కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో అద్దె రాసింది. లెక్కల పుస్తకం ఆమెది. పనుల పుస్తకం నాది, ఇది.

బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో పదకొండేళ్లు సరుకుల కొనుగోలు చూశాను. అక్కడ రెసిడెన్సీ రోడ్డులో 1984 నుంచి నాగార్జున హోటలు వాళ్లు అరిటాకు పరిచి పప్పు, పొడి, నెయ్యి వడ్డిస్తున్నారు. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం జనం బయట నిలబడి ఎదురు చూస్తారు. 1990లో వేరేవాళ్లు కరావళి అని కోస్తా తీరపు వంటలకే ఒక హోటలు పెట్టారు. ఆ తర్వాత మంగళూరు, చెట్టినాడు, మలబారు, ఉత్తర కర్ణాటక జొన్నరొట్టె, ఇలా ఒక్కో సీమకు ఒక్కో బోర్డు లేచింది. బోర్డు మీద ఊరి పేరు ఉంటే జనం ఒకసారి వస్తారు. మళ్లీ రావాలంటే విస్తరిలో ఆ ఊరు కనిపించాలి. పదకొండేళ్లలో నాకు బాగా తెలిసి వచ్చిన సంగతి ఇదే.

తిరుపతికి రోజూ ఎక్కడెక్కడి నుంచో వేలమంది వస్తారు. వాళ్లకోసం తమిళుల టిఫిను ఉంది, ఉత్తరాది థాలీ ఉంది, బిర్యానీ ఉంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో మేం తిని పెరిగిన తిండి మాత్రం ఒక్కచోట కూర్చుని తినేలా లేదు. రాయలసీమ పేరుతో హోటళ్లు చాలానే వచ్చాయి. అన్నిటిలోనూ సంగటి, నాటుకోడి, దండిగా కారం. మా ఇంట్లో సంగటి వారానికి నాలుగు రోజులు ఉండేది, కోడి మాత్రం పండగకో, చుట్టం వస్తేనో. మిగతా రోజులన్నీ సంగటికి తోడు ఆకుకూర పులగూర, ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), ఉలవకట్టు చారు. ఆ మిగతా రోజుల తిండి పెట్టాలని నా కోరిక.

జూన్ 25

పెద్దమ్మ వాళ్ల ఊళ్లో, పీలేరు దగ్గర, వసారాలో కూర్చుని జాబితా రాశాం. అమ్మ, పెద్దమ్మ, ఎదురింటి అక్క, వాళ్ల అత్తగారు. సాయంత్రానికి 41 వంటలు వచ్చాయి. ఒక నియమం పెట్టుకున్నాం: ఆ నలుగురిలో కనీసం ఇద్దరు ఇంట్లో చేసిన వంటే జాబితాలో ఉండాలి. దాంతో 17 మిగిలాయి.

రాస్తూ ఉంటే ఒక విషయం బాగా అర్థమైంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు తెచ్చి కలిపారు. పుత్తూరు, నగరి వైపు వంట అరవ వంటకు దగ్గర. పలమనేరు, వి.కోట వైపు సంగటి కన్నడ ముద్దను పోలి ఉంటుంది. పీలేరు వైపు కడప కారం కనిపిస్తుంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కానీ వంటిళ్లకు ఆ సంగతి పట్టలేదు. కనుక 'అసలైన చిత్తూరు రుచి' అని బోర్డు మీద రాయకూడదని అనుకున్నాం. వంట పేరు పక్కన అది ఏ వైపుదో చిన్న అక్షరాల్లో రాస్తాం.

మాటలు కూడా మావే. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ అనే రాయించాలి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అని రాస్తే అందరికీ తెలుస్తుందని నా భార్య అంది. ఆమె చెప్పిందీ నిజమే. చివరికి మా మాట పెద్దగా, అందరి మాట దాని కింద అని ఒప్పుకున్నాం.

జూలై 9

టమోటా చుక్కల్లో ఉంది. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె మనకు రెండు మూడు గంటల దూరంలోనే ఉంది. అయినా ఇక్కడి దుకాణంలో కిలో వంద దాటింది. మా 17 వంటల్లో టమోటా పడేవి ఎన్ని అని లెక్కపెట్టాను. ఆరు. వాటిలో నాలుగింట్లో టమోటా లేకుండానే మా అమ్మమ్మ చేసేదట, చింతపండుతోనో మామిడి ఒరుగులతోనో. ధర పెరిగిందని గాబరా పడబోయిన వాడికి ఇది మంచి పాఠమైంది. ఆ నాలుగూ పాత పద్ధతిలోనే చేస్తాం, టమోటా చవకైనా సరే.

జూలై 22

ఇవాళంతా తూకమే. పెద్దమ్మ ఎప్పుడూ కొలిచి వండలేదు. రేపు ఆమె ఊరికి వెళ్లిన రోజున కూడా అదే రుచి రావాలంటే కొలత కావాలి. అందుకని ఆమె పిడికిట్లోకి ఏది తీసుకున్నా పాత్రలో వేసే ముందు త్రాసు మీద ఆగాలని బతిమాలాను. గ్రాము తేడా చూపే చిన్న త్రాసు, దానిమీద స్టీలు గిన్నె. ఉలవకట్టు చారుకు ఉప్పు అయిదుసార్లు తూచాను: 38, 41, 36, 52, 40 గ్రాములు.

52 ఎందుకొచ్చిందో తెలియక సగటు నుంచి దాన్ని తీసేయబోయాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"ఆ కుండలో పోసింది కొత్త చింతపండు నాయనా. పులుపు ఎక్కువ. పులుపు పెరిగితే ఉప్పూ కారమూ రెండూ పెరగాలి, లేకపోతే చారు నోట్లో విడివిడిగా తెలుస్తుంది."

రెండు చింతపండ్లూ పక్కపక్కన పెట్టి చూపించింది. కొత్తది ఎర్రగా, తేమగా ఉంది. పోయిన ఏడాదిది నల్లబడి, గట్టిపడి ఉంది. ఒకే ఉప్పుతో రెండు గిన్నెల్లో చారు కాచి రుచి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నేను తీసేయాలనుకున్న అంకెలోనే అసలు సంగతి ఉంది. వంట కార్డులో ఉప్పు దగ్గర రెండు గడులు గీశాను, పాత చింతపండుకు ఒకటి, కొత్తదానికి ఒకటి. ఏడాదికి సరిపడా చింతపండు ఒకే రైతు దగ్గర కొని, మన ఇళ్లలోలాగే ఉప్పు చల్లి కుండలకెత్తాలి. ఖర్చు ఒకేసారి పడుతుంది. అయినా తప్పదు.

ఆగస్టు 6

పొగగొట్టం పనివాళ్లు మాట ఇచ్చిన తేదీ దాటి పన్నెండు రోజులు. ఆ సంస్థకు సగం డబ్బు ముందే ఇచ్చాం. ఫోను చేస్తే రేపంటారు.

ఆహార భద్రత లైసెన్సుకు దరఖాస్తు పెట్టాం. ఇప్పటి (2023) నిబంధన ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలైతే రిజిస్ట్రేషను చాలు, మాది దాటుతుంది కాబట్టి రాష్ట్ర లైసెన్సే తీసుకోవాలి. కార్పొరేషను వ్యాపార అనుమతి వేరు. జీఎస్టీ 5 శాతం, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఈ చివరి సంగతి కొత్తగా హోటలు పెట్టేవాళ్లు ధరలు వేసేటప్పుడు మరిచిపోతారు. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, ఫర్నిచరు మీద మేం కట్టిన పన్నంతా మా ఖర్చే.

బోరు నీళ్లలో కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు పోలేదు. అదే పప్పు కుళాయి నీళ్లలో అరగంటకు మెదిగింది. వంటకు కుళాయి నీళ్లు, కడుగుడుకు బోరు నీళ్లు. రెండు పైపులు వేయాలి. మరో 18,000.

ఆగస్టు 20

సంగటి మీద మూడు వారాలు. ఈ హోటలు నిలిచేది సంగటి మీదే కాబట్టి వివరంగా రాసిపెడుతున్నాను.

రాగులు పలమనేరు దగ్గరి రైతువి. పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం విడుదల చేసిన వకుళ రకం. అక్కడివాళ్లు తిరుపతి పక్కనే ఉండి ఈ పంట మీద పనిచేస్తున్నారని చాలామందికి తెలియదు. ఈ ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కనుక రాగుల్లో కాల్షియం ఎంత ఉందో పోస్టర్ల మీద అంతటా కనిపిస్తోంది. 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు, నిజమే. కానీ కాల్షియం కోసం సంగటి తిన్నవాడు నెలకోసారి తింటాడు. రుచి కోసం తిన్నవాడే వారం వారం వస్తాడు.

మొదటి ప్రయత్నం: పెద్ద డేగిసాలో మూడు కిలోల బియ్యం, మూడు కిలోల పిండి. బియ్యం మెత్తబడ్డాక మధ్యలో పిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి పది నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, పైన తేలిన గంజిని వంచి, కట్టెతో కెలకాలి. ఆరు కిలోల సరుకును కెలకడానికి ఇద్దరు మగవాళ్ల బలం చాలలేదు. అడుగున పిండి పచ్చిగా ఉండలు కట్టింది. పన్నెండింటికి చేసింది ఒంటిగంటన్నరకు పైన చెక్కు కట్టి, చేత్తో నొక్కితే పగిలింది.

రెండోది: వేడి నిలిపే డబ్బాల్లో పెట్టాం. పగల్లేదు కానీ డబ్బా మూతకు పట్టిన చెమ్మ కారి అడుగున సంగటి జావలా అయింది.

మూడోది యంత్రం. పిండి కలిపే యంత్రం ఒకటి తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి చూశాం. ముద్ద నున్నగా, బంకగా వచ్చింది. పెద్దమ్మ ఒక ముద్ద తీసుకుని గొంతులోకి జార్చి, "జారడం లేదు, అంటుకుంటోంది" అంది. సంగటిలో మెత్తబడిన బియ్యపు పలుకు అక్కడక్కడా తెలియాలి. యంత్రం ఆ పలుకును చంపేస్తోంది.

నాలుగోది నిలిచింది. ఒక కిలో బియ్యం, ఒక కిలో పిండి, అయిదున్నర లీటర్ల నీళ్లు. 250 గ్రాముల ముద్దలు 26 వస్తాయి. ఇలాంటి చిన్న వాయిలు నలభై నిమిషాలకు ఒకటి, రెండు పొయ్యిల మీద మార్చి మార్చి. బియ్యం ముందే నానబెట్టి ఉండాలి. పిండి వారానికి రెండుసార్లు ఆడించాలి, పది రోజులు నిలవ ఉన్న పిండితో చేస్తే చిరుచేదు తగిలింది. వంచిన గంజి పారబోయకూడదు, కెలికేటప్పుడు గట్టిపడితే చన్నీళ్ల బదులు ఆ గంజే పోయాలి. నెయ్యి రాసిన చేత్తో ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో చెంచా నెయ్యి. వడ్డించేటప్పుడు ఆ గుంట ఉండాల్సిందే. పులుసు నిలిచేది అక్కడే.

దీని అర్థం ఏమిటంటే పదకొండున్నర నుంచి మూడు వరకు ఒక మనిషికి సంగటి తప్ప వేరే పని ఉండదు. నెలకు ఒక పూర్తి జీతం సంగటికే. ధరలో అది కనిపించాలి.

సెప్టెంబరు 3

శాకాహారమా, రెండూనా? నెలరోజులుగా ఇంట్లో ఇదే చర్చ. కొండపైన మాంసం, మద్యం నిషేధం. కింద నగరంలో అలాంటిది లేదు. కొండెక్కే ముందు భక్తులు ముట్టరు, దిగాక కొందరు తింటారు, కొందరు ఇల్లు చేరేదాకా తినరు. మొక్కు ఉన్నవాళ్లకు ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా పనికిరావు. నియమంలో ఉన్న మనిషి మన గుమ్మం ముందు అనుమానంతో నిలబడితే ఆ అనుమానం మనమే తీర్చాలి. అందుకని రెండు వంటిళ్లు కట్టాం, మధ్యలో గోడ. పాత్రలు, కడిగే తొట్టెలు, వడ్డించే మనుషులు కూడా వేరు. 36 కుర్చీల హోటలుకు ఇది బరువే. నాలుగు లక్షలు అదనంగా అయింది.

హోటల్లో పనిచేసిన అనుభవం ఉన్న వంటమాస్టరు ఒకాయన పదిరోజులు ఉండి వెళ్లాడు. మంచి పనివాడే. కానీ ప్రతి కూరలోనూ గరంమసాలా, రంగు పడకపోతే ఆయనకు మనసొప్పేది కాదు. ఆయన స్థానంలో పెద్దమ్మ ఊరి నుంచి ఇద్దరు అక్కలు వస్తున్నారు. పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం అయిదు బస్సుకు వెళ్లిపోతారు. ఆ వేళలు కుదరాలంటే రాత్రి వంట తగ్గించాలి. తగ్గించేశాం. రాత్రికి దోసెలు, గుంతపొంగనాలు, ఊరిబిండి, అంతే.

సెప్టెంబరు 21

తెరిచాం.

18 నుంచి కొండపైన బ్రహ్మోత్సవాలు, అదే రోజు నుంచి పెరటాసి అనే తమిళ మాసం. ఈ నెలంతా మా వైపు చాలా ఇళ్లలో మాంసం వండరు, శనివారాలు మరీ నిష్ఠ. అందుకే మొదటి నెల శాకాహారం ఒక్కటే. రెండో వంటిల్లు తాళం వేసి ఉంది.

మొదటి మధ్యాహ్నం 46 మంది. ఒక ముద్ద, పులగూర, ఊరిబిండి, ఉలవకట్టు చారు, కాస్త అన్నం, మజ్జిగ, అన్నీ కలిపి 160 రూపాయలు. ఒంటిగంటా నలభైకి సంగటి అయిపోయి పాతిక నిమిషాలు జనం కూర్చుండిపోయారు. మూడో వాయి ఆలస్యంగా పెట్టడం నా తప్పే. ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

పుంగనూరు వైపు పుట్టి చెన్నైలో స్థిరపడిన ఒక పెద్దావిడ తిని, చేయి కడుక్కోకుండానే నన్ను పిలిచి, "ఊరిబిండి రోట్లో నూరలేదు కదయ్యా?" అని అడిగింది. నిజమే, రోలు ఇంకా రాలేదు. మిక్సీలో వేశాం. మిక్సీ వేడికి వేయించిన వేరుశనగ నూనె వదులుతుంది, పచ్చడి ముద్దగా, నున్నగా అవుతుంది. రోట్లో అయితే గింజ పలుకు పలుకుగా నలిగి, మిరపకాయ తొక్క కనిపిస్తూ ఉంటుంది. ఆమెకు మొదటి ముద్దలోనే తెలిసిపోయింది. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాను. ఆమె బలవంతంగా ఇచ్చి, "రోలు వచ్చాక మళ్లీ వస్తాను" అంది. సాయంత్రమే వెళ్లి, చెప్పిన ధరకే రోలు తెచ్చేశాను.

అక్టోబరు 14

పెరటాసి నాలుగో శనివారం. 112 మంది. ఇవాళ్టి వరకు ఇదే ఎక్కువ.

అక్టోబరు 26

నిన్న బుధవారం రెండో వంటిల్లు తెరిచి నాటుకోడి పులుసు పెట్టాం. లెక్క చాలా ఇబ్బందిగా ఉంది. ప్రాణంతో కిలో 450 పెట్టి కొంటే, శుభ్రం చేశాక కిలో 680 దగ్గర పడుతోంది. ప్లేటుకు 130 గ్రాములు అంటే 88 రూపాయలు. మసాలా, నూనె, గంటన్నర గ్యాసు కలిపి మరో 22. మొత్తం 110. సరుకు ఖర్చు ధరలో నలభై శాతం దాటకూడదంటే 275 పెట్టాలి. నాటుకోడి పేరుతో అంతకన్నా చాలా తక్కువకు అమ్మేవాళ్లు దారి పొడవునా ఉన్నారు. ఆ ధరకు అసలు నాటుకోడి ఎలా వస్తుందో పదకొండేళ్లు సరుకు కొన్న నాకు అర్థం కాదు.

నిర్ణయం: నాటుకోడి బుధ, ఆదివారాల్లో మాత్రమే, 275కే. మిగతా రోజుల్లో ఫారం కోడి, ఆ మాట బోర్డు మీద స్పష్టంగా రాసి. నవంబరు 14 నుంచి కార్తీకం, మళ్లీ మాంసం అమ్మకం పడిపోతుంది. పెరటాసి, కార్తీకం, శనివారాలు, ఏకాదశులు కలిపి చూస్తే ఈ ఊళ్లో కోడి మీద ఆధారపడ్డ హోటలుకు ఏడాదిలో మిగిలే రోజులెన్నో నా భార్య క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టింది. అది చూశాక ఊరిబిండి మీద, పులగూర మీద నాకున్న నమ్మకం ఇంకా పెరిగింది.

నవంబరు 19

ఇంటికి చేరవేసే ఒక యాప్‌లో మూడు వారాలు పెట్టి చూశాం. బిల్లులో దాదాపు పావు వంతు వాళ్లకు పోతుంది. దానికన్నా పెద్ద కష్టం సంగటిది. నలభై నిమిషాల ప్రయాణం తర్వాత డబ్బా తెరిస్తే అది మేం చేసిన సంగటి కాదు. వచ్చిన రెండు చెడ్డ అభిప్రాయాలూ న్యాయమైనవే. సంగటిని యాప్ నుంచి తీసేశాం. పొడులు, ఊరిబిండి, నిప్పట్లు మాత్రం ఉంచాం.

డిసెంబరు 6

మిచౌంగ్ తుఫాను. మూడు రోజులు కుండపోత. నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆదివారం నుంచి హోటల్లో మొత్తం కలిపి యాభై మంది కూడా లేరు. అక్కలిద్దరినీ రావద్దని చెప్పాను, జీతం కోయలేదు. అనపకాయల (ఒక రకం గింజ చిక్కుడు) రైతుకు ఫోను చేస్తే పూత చాలావరకు రాలిందన్నాడు. రెండు వారాలు ఆలస్యమవుతుందట.

డిసెంబరు 28

నిన్న అనపకాయలు వచ్చాయి.

గోతం విప్పగానే వంటిల్లంతా ఆ వాసన. తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. పచ్చి వాసనే కానీ నూనె వాసన కూడా. కాయ పట్టుకుంటే వేళ్లకు సన్నని జిడ్డు అంటుతుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. మంచు బాగా కురిసిన చేను కాయకే ఆ జిడ్డు ఎక్కువ ఉంటుందని మా వాళ్లంటారు. పెద్దమ్మ కాయ కొనేటప్పుడు రంగు చూడదు, వేలితో రుద్ది వాసన చూస్తుంది.

పది కిలోలు తీసుకున్నాం, కిలో 55. ముగ్గురు కూర్చుని రెండు గంటలు ఒలిచారు. గింజలు రాత్రంతా నీళ్లలో. పొద్దునకి తోలు వదులై ఉంటుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో మిగిలి, పప్పు రెండు బద్దలుగా గిన్నెలోకి ఎగిరి పడుతుంది. పితికిపప్పు అన్న పేరు అందుకే. మళ్లీ ముగ్గురు, గంటన్నర. గిన్నెలో పప్పు పడే టప్ టప్ చప్పుడు, మధ్యలో కబుర్లు. బడి సెలవుకు వచ్చిన మా పాప కూడా కూర్చుంది. చివరికి చేతికొచ్చిన పప్పు 3.2 కిలోలు.

లెక్క ఇలా తేలింది. కాయలకు 550 రూపాయలు. పదిన్నర గంటల చేతిపనికి గంటకు 70 చొప్పున 735. ప్లేటుకు 90 గ్రాములు అనుకుంటే 35 ప్లేట్లు. కొబ్బరి, గసగసాలు, నూనె కలిపి ప్లేటుకు 51 రూపాయలు పడుతోంది. అందులో రైతుకు వెళ్లేది 16, చేతులకు వెళ్లేది 21.

ఈ రెండు అంకెలు రాసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. హోటల్లో పితికిపప్పు ఎందుకు దొరకదో ఇక్కడే ఉంది. సరుకు ఖరీదైనది కాదు, యంత్రం చేసే పని కాదు, ఇంట్లో ఆడవాళ్ల చేతిపనికి ఎవరూ ఎన్నడూ ధర కట్టలేదు. హోటలు ఆ ధర కట్టాలి, తినేవాళ్లకు అది చెప్పి అడగాలి. 140 రూపాయలు పెట్టాం. బోర్డు మీద వంట పేరు కింద, "10 కిలోల కాయలు, పదిన్నర గంటల పని, 35 ప్లేట్లు" అని రాశాం. ధర ఎక్కువైందని ఇవాళ ఒక్కరు కూడా అనలేదు. రెండుంబావుకు అయిపోయింది.

జనవరి 17, 2024

పండగ మూడు రోజులూ తెరిచే ఉంచాం, సగం సిబ్బందితో. పితికిపప్పు కూర, దోసెలు, ఓలిగలు (బొబ్బట్లు). కనుమ నాడు 140 మంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం సంగటిని నములుతూ తినలేక అవస్థ పడుతుంటే అక్క వెళ్లి ముద్ద తుంచి, పులుసులో ముంచి, నమలకుండా జార్చడం చూపించింది. ఆ ఇంటి అబ్బాయి అన్నం వద్దని రెండో ముద్ద అడిగాడు. అప్పటి నుంచి అక్క ఆ సంగతే చెప్పుకుంటోంది.

ఆ చెన్నై పెద్దావిడ కూడా వచ్చింది, మాట ఇచ్చినట్టే. ఊరిబిండి రెండుసార్లు వేయించుకుంది. ఈసారి పిలిచి ఏమీ అడగలేదు. వెళ్తూ అరకిలో కట్టించుకుంది.

ఫిబ్రవరి 4

లెక్కల పుస్తకం నుంచి. డిసెంబరు అమ్మకం 3.9 లక్షలు. సరుకు 1.48, జీతాలు 1.45, అద్దె 0.65, గ్యాసు, కరెంటు 0.48, ఇతరాలు 0.25. నష్టం 41,000. తుఫాను వారం అందులోనే ఉంది. జనవరి అమ్మకం 5.2 లక్షలు. ఖర్చులన్నీ పోను మిగిలింది 27,000. పెట్టుబడి తిరిగి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. కానీ మొదటిసారి మిగిలింది. నా భార్య ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.

ఇప్పుడు అక్కలు నలుగురయ్యారు. పొడులు, నిప్పట్లు ఊళ్లోనే చేసి పంపేలా పెద్దమ్మ ఇంటి వెనక గదిని శుభ్రం చేయించి లైసెన్సుకు పెట్టాం.

ఇంకో శాఖ పెట్టమని, పేరు వాడుకుంటామని ఒకరు అడిగారు. నలభై నిమిషాలకో వాయి సంగటి కెలికే మనిషి అక్కడ ఎవరున్నారని అడిగాను. ఆలోచించి చెబుతామన్నారు.

ఫిబ్రవరి 27

చివరి గోతం అనపకాయలు. ఎండ ముదిరింది, కాయలో జిడ్డు లేదు, వాసన సగం పోయింది. ఎండు గింజ నానబెట్టి ఏడాదంతా చేయవచ్చు, చాలామంది చేస్తారు కూడా. జనం అడుగుతున్నారు కాబట్టి కొనసాగిద్దామని నాకు కాస్త ఆశ ఉండింది. పెద్దమ్మ ఒక గింజ పితికి, వాసన చూసి, గిన్నెలో వేయకుండా పక్కన పెట్టింది. బోర్డు మీద నుంచి పితికిపప్పు తుడిచేశాం.

ఆ ఖాళీలో ఏం రాయాలని పాప అడిగింది. పీలేరుకు ఫోను చేశాను. చెరువు గట్టు మీద చింతచెట్లు ఇంకా చిగురు వేయలేదట, పది పదిహేను రోజులు ఆగమన్నారు. అందాకా మునగాకు.